పిండిలో గరగర

బ్రెడ్ మెషీన్ మూత కింద పిండి తిరగడం మొదలై అయిదు నిమిషాలైనా కాలేదు, ఆ శబ్దం వినిపించింది. గరగర. మెత్తటి ముద్దలోంచి రాకూడని శబ్దం, పిండి రుబ్బుతుంటే ఇసుక పడినట్టు. చేతిలోని పాలగిన్నె పక్కన పెట్టి ప్లగ్ లాగేశాను.

గిన్నె బయటికి తీసి, ముద్దను జరిపి, అడుగూ అంచులూ వేలితో తడిమాను. నల్లటి పూత ఎక్కడా లేచిపోలేదు. పిండి కలిపే రెక్కకు ఒక్క గీత లేదు. అయినా నమ్మకం కుదరలేదు.

ఆ బ్రెడ్ మెషీన్‌ను డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉండే ఒక హిందీ దీదీ ఇచ్చి వెళ్ళింది. వాళ్ళకు ఈ దీవుల నుంచి మెయిన్‌లాండ్‌కు బదిలీ అయింది. "లే జావో, దో బార్ హీ చలాయా," అంది. రెండుసార్లే ఎందుకు వాడింది? మంచి వస్తువును ఎవరైనా ఊరికే వదిలిపోతారా? కొలత కప్పు కూడా లేదు, పోయిందట.

"షిప్పులో ఎన్ని పెట్టెలని ఎక్కిస్తారు?" అన్నారు మా ఆయన. "ఊరికే ఇచ్చినా అనుమానమేనా నీకు?"

నా అనుమానానికి కారణం ఉంది. కిందటి నెలలో మా చిన్నాడి టిఫిన్ డబ్బాలో, కొన్న బ్రెడ్ ముక్క వెనక పచ్చటి బూజు కనిపించింది. అప్పటికే వాడు సగం తినేశాడు. రెండు రోజులు వాంతులు. అప్పటినుంచి ప్యాకెట్ మీద తేదీని ఎన్నిసార్లు చదివినా నమ్మలేను. ఇంట్లో చేస్తే లోపల ఏం పడిందో నా కళ్ళతో చూసుకోవచ్చు అనుకున్నాను.

మళ్ళీ ప్లగ్ పెట్టాను. గరగర తగ్గింది కానీ ఆగలేదు.

రొట్టె దిగేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. ఒక పక్కకు ఒరిగింది కానీ బాగా పొంగింది. చల్లారేదాకా ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పి, చినుకులు మొదలైతే బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి రొట్టెకు ఒక మూల లేదు.

"ఎవరు తిన్నారు?"

"నేను కాదు మమ్మీ," అంది ఏడేళ్ళ పెద్దది. నాలుగేళ్ళ చిన్నాడు నోరు బిగించి నవ్వాడు.

అప్పటికి నాకూ నవ్వే వచ్చింది. నేనూ ఒక ముక్క కోసి కొరికాను. పళ్ళ మధ్య కరకర. అరచేతిలోకి ఉమ్మితే గాజు పలుకులాంటి తెల్లపూస. మిగతా ముక్కను తుంచి చూస్తే కాగితం పీలిక, దాని మీద ఇంగ్లిషు అక్షరాలు సగం సగం.

ఈ దీవుల్లో గాలే తడి. ఉప్పు నీరైపోతుంది, పంచదార గడ్డకడుతుంది. అందుకే చెప్పుల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే చిన్న పొట్లాలను మా అమ్మ ఎన్నడూ పారేయనిచ్చేది కాదు, డబ్బాకొకటి వేసేది. నాకూ ఆ అలవాటే వచ్చింది. మైదా డబ్బాలో రెండు వేశాను. చెంచాతో తీస్తే కనబడేవి. కప్పు లేదు కదా అని మెషీన్ గిన్నెను కాటా మీద పెట్టి, డబ్బానే వంపేశాను. పరుగెత్తి డబ్బా చూశాను. ఒకటే ఉంది.

"తమ్ముడికి పెట్టావా?"

"లేదు."

"నిజం చెప్పు."

"నిజంగా లేదు మమ్మీ."

దాని గౌను మీద రొట్టె పొడి ఉంది. భుజం పట్టుకుని ఊపేశాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మళ్ళీ లేదనే అంది. చిన్నాడి నోట్లో వేలు పెట్టి వెతికితే వాడు కొరికాడు.

బతు బస్తీలో ఉండే మా అక్క నర్సు. ఫోన్ చేశాను.

"ముందు ఏడుపాపి చెప్పే. పూసలు తెల్లవా, నీలివా?"

"తెల్లవే. డబ్బాలో మిగిలిన పొట్లంలోవీ తెల్లవే."

"తెల్లవైతే విషం కాదులే. గొంతులో అడ్డం పడకూడదు, అంతే. దగ్గుతున్నాడేటి?"

"వేలు కొరికాడు."

"అయితే బిల్కుల్ ఠీక్ ఉన్నాడు. నీళ్ళు తాగించు. వాంతి మాత్రం చేయించకు. దగ్గొచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొచ్చేయ్, నాకు ఫోన్ చేసుకుంటూ కూర్చోకు. అయినా చపాతీ ఒత్తుకోడానికి బద్ధకమేసి మెషీన్ తెచ్చావేటే?"

"అక్కా!"

"సర్లే, సర్లే. గ్లాసు పట్టుకెళ్ళు."

రొట్టెను సంచిలో మూటగట్టి చెత్తలో పడేశాను. పిల్లలు నిద్రపోయాక మా ఆయన నెమ్మదిగా అన్నారు, "రొట్టె ఏదని పిల్లలడిగితే మెషీన్ పాడైందని చెప్పేయ్. గొడవుండదు." సరేనన్నాను. చిన్నాడి పక్కన పడుకుని, దగ్గు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాను. ఒక్కసారి కూడా దగ్గలేదు. నిద్రలో పెద్దది మాత్రం నాకు దూరంగా, గోడవైపు జరిగిపోయింది.

పొద్దున చిన్నాడు లేస్తూనే ఆకలన్నాడు. పెద్దది వంటింటి గుమ్మం దాటి రాలేదు.

"మమ్మీ, వాడికేం కాదు కదా? చిన్న ముక్కే పెట్టాను."

స్టవ్ తగ్గించి ఇద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"ఏం కాదు. మెషీన్ బాగానే ఉంది. డబ్బాలోని పొట్లాన్ని చూసుకోకుండా పిండిలో పడేసింది నేను. అందుకే రొట్టె పారేశాను. నిన్న నిజం చెబితే కొడతాననుకున్నావు కదూ? కొట్టేదాన్నేమో. కానీ నోట్లోకి ఏం వెళ్ళినా, మీరు తిన్నా, ఒకరికొకరు పెట్టినా, అప్పుడే నాకు చెప్పండి. తిట్టాల్సి వస్తే తర్వాత తిడతాను. ముందు చెప్పండి."