స ఎక్కడుంది?

మధ్యాహ్నం రెండు దాటితే మా కోట ఊరు కునుకు తీస్తుంది. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. వాటి హోరు సముద్రపు గాలితో కలిసి మా వరండా దాకా వస్తుంది. ఆ హోరు వింటూ పడుకుంటే మంచం కాస్త కాస్త నీళ్లలోకి జరుగుతున్నట్టుంటుంది. అలాంటి వేళ ఒకరోజు చేపలక్క మా ఇంటికొచ్చింది. పులికాట్ వైపు పల్లె నుంచి వారానికి రెండుసార్లు చేపల తట్ట ఎత్తుకుని వచ్చే మనిషి. ఆ రోజు తట్ట లేదు. కొంగులో చుట్టిన నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది.

"టీచరమ్మా, ఇందులో మా ఆయన పాటుండాది. ఎట్టా పాడాలో చూసి చెప్తావా?"

ఆమె భర్త పగలు వేటకు పోయేవాడు, శనివారాలు పల్లె భజనలో హార్మోనియం వాయించేవాడు. రాముడి మీద సొంతంగా ఒక కీర్తన కట్టి, మాటలు భజన వాళ్లకు రాసిచ్చాడు. వరస నేర్పకముందే పోయాడు. వచ్చే నెల సంవత్సరీకం. ఆ నాటి భజనలో ఆ కీర్తనే పాడించాలని ఆమె పట్టుదల. తెలియని పాట ఎలా పాడతాం, వేరేది పాడతాంలే అన్నారట వాళ్లు.

"వేరేది ఎందుకమ్మా? ఆయన చేసినాడని చెప్పుకోడానికి ఇదొక్కటే కదా ఉండేది!"

నాకా, గూడూరు వెళ్లి పదేళ్లు వయొలిన్ నేర్చుకున్నానన్న మిడిసిపాటు. "ఇదెంత పనక్కా! కూర్చో, కాఫీ తాగేలోపు చెప్తా" అన్నాను. ఆమె కాఫీ తాగి, బస్సెక్కి వెళ్లిపోయింది. నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను.

రాగం పేరు ఎక్కడా రాయలేదు. వరుసగా సరిగమలు, ప్రతి 'ని' కిందా ఒక చిన్న సున్నా, అంతే. సున్నా ఉంటే హార్మోనియం మీద నల్ల మెట్టు, లేకపోతే తెల్ల మెట్టు అని కాసేపటికి అర్థమైంది. ఇంకేముంది, హరికాంభోజి! నా దగ్గర పాఠానికొచ్చే పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆమె మళ్లీ వచ్చినప్పుడు ఫోన్‌లో 'స'కు శ్రుతి పెట్టి దర్జాగా వాయించాను. రెండు వరసలు వినగానే చెయ్యి ఊపి ఆపేసింది.

"ఆయనదే అమ్మా, ఇంట్లో వాయిస్తా ఉంటే ఇనుండా, నాకు పాడను రాదంతే. కానీ దారి తప్పిన మాదిరుండాది."

నాకు ఒళ్లు మండింది. రాగాల సంగతి ఈమెకేం తెలుసని మనసులో విసుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె వెళ్లాక నోటుబుక్కు మీద చెయ్యి వేసుకుని చాప మీద వాలాను. నిద్రా కాదు, మెలకువా కాదు. స్వరాలు కళ్ల ముందు నడుస్తున్నాయి. పైకి పోతున్నాయి, దిగుతున్నాయి, ఎక్కడెక్కడో తిరిగి ప్రతిసారీ ఒకే చోటికొచ్చి కూర్చుంటున్నాయి. 'స' దగ్గర కాదు, 'మ' దగ్గర. బయట ఏరేటర్లు కూడా ఆ 'మ'నే పట్టుకుని మోగుతున్నాయనిపించింది.

చటుక్కున లేచి పేజీ చూశాను. పల్లవి 'మ' మీద ఆగింది. చరణాలూ అంతే. చిట్టచివరి స్వరమూ 'మ'నే. "నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అని పైకే అన్నాను. మేం నేర్చుకున్న పద్ధతిలో పాట ఏ శ్రుతిలో నిలబడితే అదే 'స'. ఆయనకు ఎవరో మొదటిరోజు ఒక తెల్ల మెట్టు చూపించి ఇది 'స' అని ఉంటారు. ఇక పాట ఎక్కడ నిలబడినా ఆ మెట్టు పేరు ఆయన మార్చలేదు. ఆయన 'మ'ను నేను 'స' అనుకుని చదివితే పాటంతా చక్కగా శంకరాభరణంలో పడింది.

ఈసారి ఆమె వచ్చినప్పుడు ఒక్క స్వరం కూడా మార్చలేదు. కింద మోగే శ్రుతి ఒక్కటే ఆ 'మ'కు మార్చాను. పల్లవి పూర్తి కాకముందే ఆమె మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది.

"ఆఁ... ఇదే! ఇదేనమ్మా! నా తల్లే, ఎట్టా పట్టుకున్నావు!"

నాకు ఏనుగెక్కినంత సంబరం. అదే ఊపులో చరణాలు దాటి, చివరి వరసలో పై స్థాయి నుంచి మెల్లగా దిగి, ఆ 'మ' మీద నిలిపాను. చూస్తే ఆమె చెయ్యి తాళం ఆపేసింది.

"ఈ కడాకరిది నేనెప్పుడూ ఇనలా" అంది.

"అదేంటక్కా, మీ ఇంట్లోనే కదా కట్టింది?"

"పొద్దుగూకే ఏళ హార్మోనియం పెట్టె ముందేసుకునేవోడు. ఈడికి వచ్చేలోపే నేను పొయ్యికాడ నించి అరిచేదాన్ని, కూడు చల్లారిపోతాది, అది మూసి రావయ్యా అని. ఉన్నపళంగా లేచి వచ్చేసేవోడమ్మా. ఒక్కనాడు కూడా ఉండవే, అయిపోయిందిలే అన్లా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మొదట్నించీ ఇంకోసారి వాయించమ్మా. ఈసారి పిలవన్లే."