అది మంచు కాదు

మా చుట్టాల్లో ఒక నవ్వులాట ఉంది. ఎవరైనా ఒకటి చూసి ఇంకోటి అనుకుంటే "మంచు సినిమా తీస్తున్నవా?" అంటారు. మొన్న కొడంగల్‌లో ఒక పెళ్లి భోజనాల దగ్గర మా బిడ్డే ఆ మాట అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట పుట్టించింది నేను.

తాండూరులో మాది నాపరాళ్లు కోసే షెడ్డు. మా బిడ్డ హైదరాబాద్‌లో సినిమా చదువు చదివేటప్పుడు, చివరి ఏడాది చిన్న సినిమాకు ఆ షెడ్డునే ఎంచుకుంది. డైరెక్షన్ తనది. కథ, లైటింగ్ తన స్నేహితురాలివి. ఆ అమ్మాయిది వికారాబాద్, కిరాణా దుకాణం వాళ్ల బిడ్డ.

చలికాలంలో ఒక పొద్దున ఇద్దరూ చూడటానికి వచ్చారు. అప్పుడే మిషను ఆపి పనివాళ్లు చాయ్‌కి పోయారు. పగిలిన రేకులోంచి ఎండ దిగి, నేల దాకా తెల్లటి స్తంభంలా నిలబడి ఉంది. వికారాబాద్ అమ్మాయి దాని చుట్టూ తిరిగింది. అందులో చేయి పెట్టి తిప్పి చూసింది.

"అంకుల్, దేన్నీ ముట్టకుండ్రి. బూజు గూడ దులపొద్దు. మేం సెట్టు ఏసేది లేదు, లైటు పెట్టేది లేదు. గీ ఎండల ఒకామె కూసోని సద్ది తింటది, గంతే."

సినిమా కూడా అంతే. కూలీకి వచ్చిన మనిషి సద్ది విప్పుతుంది, మెతుకుల మీదికి దుమ్ము దిగుతుంటుంది. మాటల్లేవు.

తలూపాను. కానీ ఆ సాయంత్రం నుంచి నాకు పరేషాన్ పట్టుకుంది. ఆ దుమ్ము నాది. బ్లేడు మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదని రాళ్ల పని చేసే ప్రతివాడికీ తెలుసు. బురద ఎవరు ఎత్తాలి, నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి అని నేను పొడిగానే కోయించేవాణ్ణి. మిషను నడిపే ఆయన కనురెప్పలు సాయంత్రానికి తెల్లబడేవి. రోజూ చూస్తూనే ఉన్నాను. దాన్ని తెర మీద నలుగురు చూస్తారనేసరికి ఇజ్జత్ గుర్తొచ్చింది.

షూటింగ్ ముందురోజు ట్యాంకర్ తెప్పించి రేకులు, గోడలు, నేల కడిగించాను. మిషనుకు పైపు పెట్టించాను.

"మిషనుకు తలంటు పోస్తున్నవ్, ఏం పండుగ సేటూ?" అన్నాడు మిషను ఆయన.

మర్నాడు ఎండ పడింది. కానీ నేల మీద రొట్టె అంత మచ్చగా పడింది. గాలిలో దుమ్ము లేక స్తంభం నిలబడలేదు. వికారాబాద్ అమ్మాయి పైకి చూసింది, కిందికి చూసింది.

"కడిగిండ్రా అంకుల్? మొన్న గంత దుమ్ముండె కదా."

"దుమ్మెక్కడిదమ్మా? మేం ఎప్పుడూ నీళ్లతోనే కోస్తం. అది మంచు. చలికాలం షెడ్డుల గూడ దిగుతది."

మా ఇంటి ఆడపిల్లలు షెడ్డుకు వచ్చే అలవాటు లేదు. అది దుమ్మో మంచో మా బిడ్డకు తెలిసే దారి లేదు.

వాళ్లు ఊదు పొగ వేసి చూశారు. అది నీలంగా మెలికలు తిరిగింది. "దర్గల కూసున్నట్టున్నదే," అంది మా బిడ్డ విసుగ్గా. చివరికి ట్యూబులైట్లు వేసి తీశారు. సాయంత్రానికి ఇద్దరికీ గొడవైంది.

"నీకు దుమ్ముకు మంచుకు తేడా తెల్వదా? మా డాడీ పుట్టినకాడి నుంచి గీడనే ఉన్నడు. ఆయన అబద్ధమాడుతడా?"

"నేను చెయ్యి పెట్టి చూసిన. సల్లగ లేకుండె," అని ఆ అమ్మాయి నా వైపు చూసింది.

నేను ఫోన్ చూసుకున్నాను.

కాలేజీలో సినిమా వేస్తే, బండల షోరూములా ఉందన్నారట. తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. స్నేహితురాలు మంచును చూసి దుమ్మనుకుందని మా బిడ్డ చెబితే చుట్టాల్లో అది నవ్వులాటైంది. వికారాబాద్ అమ్మాయి మళ్లీ లైటింగ్ జోలికి పోలేదని, దుకాణంలో కూర్చుంటోందని విన్నాను.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడే వికారాబాద్ పోయాను. ఆమె పప్పు తూకం వేస్తోంది. గుర్తుపట్టి "కూసోండ్రి అంకుల్" అంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఆమె తూకం ఆపలేదు. గిరాకీ వెళ్లాక అడిగింది.

"మిషను మీదుండె కదా ఒకాయన, ఏడున్నడు?"

"యాలాల్‌ల. ఇంటికాన్నే ఉంటుండు."

"ఊపిరాడుతలేదా? దమ్మా?"

"ఆఁ."

పప్పు గంప మీద గుడ్డ కప్పింది. తర్వాత, "నాకు చెప్పుడెందుకు? నేను చూసిందే కదా. దానికి చెప్పుండ్రి. నా ముందట చెప్పుండ్రి," అంది.

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"బిడ్డా, ఆనాడు షెడ్డుల ఉండెగా... అది దుమ్మే. నీళ్లు పెట్టిచ్చింది నేను. మంచు అన్నది అబద్ధం."

"ఏందీ? ఎక్కడికెళ్లి మాట్లాడుతున్నవ్ డాడీ?"

చెప్పాను. మా బిడ్డ గొంతు తగ్గించి అడిగింది.

"మరి నేను దాన్ని అన్న మాటలో?"

వికారాబాద్ అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, స్పీకర్ బంద్ చేసి, లోపలికి పోయింది.