పుల్లావు ఎవరికి చేపింది?

అది 1939. యూరప్‌లో యుద్ధం మొదలైందని గిద్దలూరు బజారులో అందరూ చెప్పుకుంటున్న రోజులు. గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మేమంతా మద్రాసు సర్కారు నౌకర్లం. నేను అక్కడి పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్ని. కాంపౌండరంటే మందులు కలిపేవాడని కాగితాల్లో ఉండేది కానీ, డాక్టరు గారు క్యాంపు మీద పోయినప్పుడు, అంటే పల్లెలు తిరిగి పశువులను చూసే పని మీద పోయినప్పుడు, ఆస్పత్రికి వచ్చిన ప్రతి గొడ్డూ నా నెత్తిమీదికే వచ్చేది.

నాకు కుళ్లు ఎక్కువ. దాచిపెట్టి లాభం లేదు, నాతో పనిచేసిన వాళ్లందరికీ తెలిసిన సంగతే. మార్కాపురం ఆస్పత్రిలో ట్రెవిస్ ఉంది, అంటే పశువును కదలకుండా నిలబెట్టే కర్రల చట్రం. మాకు లేదు. అందుకు అక్కడి కాంపౌండరును చూసి కుళ్లుకునేవాణ్ణి. డాక్టరు గారికి గుర్రం ఉంది, నాకు కాళ్లే ఉన్నాయి. అదొక కుళ్లు. అన్నింటికంటే పెద్దది మా బావమరిది మీద. నా భార్య మా పాపను తీసుకుని దర్శిలో పుట్టింట్లో ఉండేది. నేను ఎప్పుడో సెలవు మీద పోతే పాప నన్ను చూసి కెవ్వుమని ఏడ్చి, పోయి మేనమామ భుజం ఎక్కేది. ఆయన దాన్ని ఊరుకోబెడుతూ నన్ను చూసి నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

ఇంత కుళ్లున్న నేనే బిత్తరపోయే మనిషిని ఈ కేసులో చూశాను. అందుకే ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

బేస్తవారిపేట అవతల ఒక పల్లె నుంచి కేశవులు అనే రైతు వచ్చాడు. డాక్టరు గారు ఊళ్లో లేరు.

"ఆవు పాలియ్యడం లేదు సామీ. పొదుగు చూస్తే కుండ మాదిరి ఉండాది, చెయ్యి పెడితే చుక్క దిగదు. ఇంట్లో తల్లి లేని పసిబిడ్డ ఆ పాల మీదనే బతుకుతా ఉండాది. మేకపాలు పోసినాము, పడలేదు. కక్కుతాది."

"ఊళ్లో ఇంకో ఆవు లేదా?"

"వానలు యాడ పడినాయి సామీ? ఉన్నవన్నీ ఒట్టిపోయినాయి."

సంచి సర్దుకుని బయల్దేరాను. కంభం దాకా రైలు, అక్కడి నుంచి కేశవులు బండి. దారిలో అతను చెప్పింది ఇది. మొదటి భార్య గురవమ్మ కాన్పూ, ఇంట్లో ఆవు ఈతా ఒకే వారంలో అయ్యాయి. గోధుమరంగుది కాబట్టి దాన్ని పుల్లావు అనేవారు. దూడ బతకలేదు. కొన్నాళ్లకు జ్వరం తగిలి గురవమ్మ కూడా పోయింది. పసిబిడ్డను సాకడం ముసలి తల్లి ఒక్కదాని వల్ల కాక ఉగాది ముందు రంగమ్మ అనే పిల్లను రెండో పెళ్లి చేసుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దూడ వచ్చి మూతితో కుమ్మితేనే మన నాటు ఆవు పాలు కిందికి వదులుతుంది. రైతులు దీన్ని చేపడం అంటారు, మా వాళ్ల పుస్తకాల్లో లెట్‌డౌన్ అని ఉంటుంది. దూడ చచ్చిపోతే చాలా ఆవులు చేపడం మానేసి ఒట్టిపోతాయి. పుల్లావు అట్లా కాలేదు. గురవమ్మ గంగడోలు నిమిరితే చాలు, చేపేది. ఆమె పోయాక కేశవులు తల్లి ఒక ఉపాయం చేసింది. కోడలి పాత చీర చుట్టుకుని పొదుగు దగ్గర కూర్చుంది. ఆవు ఆ వాసన చూసి చేపింది. ఆ చీరను ఉతక్కుండా కొట్టంలోనే దండెం మీద ఉంచారు. రంగమ్మ కాపురానికి వచ్చాక పాలు పిండే పని ఆమెకు అప్పగించారు, చీరతో సహా.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆవును చూశాను. థర్మామీటర్ పెడితే జ్వరం లేదు. మాస్టైటిస్ అంటే పొదుగు వాపేమోనని నాలుగు చన్నులూ తడిమాను. వేడి లేదు, గట్టిపడలేదు. టీట్ సైఫన్ అని చన్నులోకి ఎక్కించే సన్నటి గొట్టం ఉంటుంది. దాన్ని పెడితే అడుగున నిలిచిన కాసిని పాలు వచ్చి ఆగిపోయాయి. పైనున్నవి ఆవు వదిలితేనే దిగాలి. ఆ కాసిని పాలనే కాచి బిడ్డకు ఉగ్గుగిన్నెతో పోశారు. అది గిన్నె నాకేసి మళ్లీ ఏడుపు అందుకుంది.

"ఆవుకు రోగం లేదవ్వా," అన్నాను ముసలామెతో.

"ఆవుకు యాడిది నాయనా రోగం? రోగం ఇంట్లో ఉండాది." ముసలామె వంటింటి వైపు గడ్డం చూపించింది. "గురవమ్మ చీరను ఈ మహాతల్లి చాకలికి వేసింది. చౌడుమన్ను పెట్టి బానలో ఉడకబెట్టించింది. ఆ పొద్దు నుంచే ఆవు ఎగజేపింది, చుక్క వదలదు. రేపు పొద్దున బండి కట్టిస్తాండా. ఆమెను పుట్టింట్లో దింపి వస్తాడు నా కొడుకు."

"చీర పోతే కోడల్ని పంపిస్తావా?"

"చీర అంటావేంది నాయనా? గురవమ్మను మా చేను గట్టున పూడ్చినాము. ఆ గట్టు మీద గడ్డి ఈ ఆవు మేస్తాది. ఆ పాలు ఆ బిడ్డ తాగుతాది. అవి తల్లిపాలు కాక మరేంది? చచ్చినోళ్లు యాడికీ పోరు. గడ్డిలో కొంత, గొడ్డులో కొంత, మీద ఆ చుక్కల్లో కొంత. వాన కురిస్తే మళ్లా కిందికే వస్తారు. అంత దారిని ఈమె చౌడు పెట్టి ఉతికించింది."

వంటింట్లోంచి రంగమ్మ గబగబా వచ్చింది. చంకలో బిడ్డ. ఒంటి మీద గంజి పెట్టిన కొత్త ఎర్రచీర, నడుస్తుంటే గరగరమంటోంది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"వింటివా అన్నా? నేను తాగే మజ్జిగలో ఆమెనేనంట! కాల్చుకునే జొన్నరొట్టెలో ఆమెనేనంట! ఇంగ నాకు ఈ ఇంట్లో చోటు యాడుండాది చెప్పు. ఆమె చీర కట్టుకోమంటారు, ఆమె ఆవును పిండమంటారు, ఆమె బిడ్డను సాకమంటారు. ఇదిగో, మెడలో ఇది చూడు."

తాళి పక్కన చిన్న బిళ్ల. చనిపోయిన మొదటి భార్య పేరున రెండో భార్య మెడలో కట్టుకునే సవతి బిళ్ల. మా వైపు అది ఆనవాయితీ.

"కొత్త చీర కొంటే ముందు దీనికి తాకించాల. పండగపూట బూరె చేస్తే ముందు దీనికి చూపించాల. బతికున్న సవతితో అయితే జుట్టు జుట్టు పట్టుకుని కొట్లాడతా. దీంతో ఎట్ల కొట్లాడేది? రోజూ రెండు పూటలా ఆ చీర కట్టుకుని పోతే, ఆ ఆవు నా భుజం వాసన చూసి కండ్లు మూసుకునేది అన్నా. నన్ను చూసి కాదు, ఆమెను చూసి. నా ఒళ్లు మండిపోయేది. అందుకే ఉతికించినా. తప్పా?"

తప్పని నేనెట్లా అంటాను? మా బావమరిది అంగీ నా చేతికి దొరికితే నేను ఏ బానలో వేసేవాణ్ణో నాకు తెలుసు.

కొట్టంలోకి పోయి మళ్లీ ఒకసారి పిండమన్నాను. రంగమ్మ బిడ్డను అత్త చేతికిచ్చి గరగరమంటూ ఆవు పక్కకు పోయింది. పుల్లావు చెవులు నిక్కబొడుచుకుని పక్కకు జరిగింది. చెయ్యి తగలగానే కాలు విసిరింది. చెంబు ఎగిరి పడింది.

"ఈ చీర ఎప్పటినుంచి కట్టుకొస్తున్నావమ్మా దీని దగ్గరికి?"

"అది ఉతికించిన పొద్దు నుంచే. ఈ ఇంటికి ఇప్పుడు ఎవరు ఇల్లాలో ఆవుకు కూడా తెలియాల గదా."

"మరి ఆ పాత చీరను నువ్వు ఉగాది నుంచి రోజూ కట్టావు."

"కట్టినా."

"ఈ ఎండల్లో, రెండు పూటలా, చెమట కారుతుంటే. గురవమ్మ ఆ చీర ముట్టుకుని ఏడాది కావస్తోంది. ఇంక అందులో ఎవరి వాసన ఉంటుందమ్మా?"

రంగమ్మ నా వైపు చూసింది.

"ఆవు కళ్లు మూసుకున్నది ఎవరిని చూసో నాకు తెలీదు. కానీ నువ్వు చౌడు పెట్టి ఉతికించిన వాసన చాలావరకు నీదే."

"నన్ను సముదాయించడానికి చెప్తాండావు."

"నాకు సముదాయించడం రాదు, మా ఇంట్లో అడుగు. బిడ్డను పక్కలో వేసుకుని పడుకునే చీర ఒకటి ఉంటుంది కదా? అది కట్టుకుని రేపు పొద్దున రా."

ముసలామెకు ఈ ఏర్పాటు నచ్చలేదు. పాలు పిండే వేళ దాకా ఆగుతానంది. చుక్క పడకపోతే బండి కదులుతుందని నా ముందే కొడుక్కు చెప్పింది. కేశవులు పెళ్లాం వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు. అట్లాంటి మగవాళ్లను నేను చాలామందిని చూశాను.

తెల్లవారింది. కేశవులు వాకిట్లో ఎద్దులను కాడికి కడుతున్నాడు. రంగమ్మ నీళ్లకావి రంగు పాతచీరలో వచ్చింది. దాని నిండా పొయ్యి పొగ, పసిదాని ఉచ్చ, ఆముదం, కక్కిన పాల మరకలు. ముసలామె బిడ్డను ఎత్తుకుని కొట్టం గుమ్మంలో నిలబడింది. నేను గోడవారగా ఉన్నాను. నా మాట వమ్మయితే ఆ పిల్ల కాపురం కూలుతుందనీ, ఆ బిడ్డ గతి ఏమవుతుందో అనీ అప్పుడు భయం పట్టుకుంది. రాత్రంతా లేని భయం.

పుల్లావు మెడ చాపి వాసన చూసింది. చేతులు చూసింది. కొంగు చూసింది. బిడ్డ తల ఆనించి పడుకునే భుజం దగ్గర ఆగిపోయి గరుకు నాలుకతో నాకడం మొదలుపెట్టింది. రంగమ్మ కదల్లేదు. నాకనిచ్చి, మెల్లగా గొంతుక్కూర్చుని పొదుగు మీద చెయ్యి వేసింది. పిండింది. ఏమీ రాలేదు. మళ్లీ పిండింది. రాలేదు. ఆమె నుదురు ఆవు డొక్కకు ఆనించి, "ఏందే, నన్ను పంపించేస్తావా?" అని చిన్నగా అడిగింది.

గుమ్మంలో బిడ్డ ఆకలికి ఏడ్చింది. ఆవు చెవి అటు తిరిగింది. చన్నులు నిండడం నేను నిలబడిన చోటికి కనబడింది. చెంబులో మొదటి ధార మోగింది, తర్వాత నురగ లేచి మోత మెత్తబడింది.

"మా గురవమ్మ మనసు కరిగింది," అంది ముసలామె, కళ్లు ఒత్తుకుంటూ.

రంగమ్మ చెంబు పట్టుకుని లేచింది. "గురవమ్మ ఎందుకు కరుగుతాది? నాకు చేపింది అది! నాకు! అన్నను అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అంత పెద్ద ప్రశ్న నన్ను డాక్టరు గారు కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ చీర మీద ఉన్నది బిడ్డ వాసన. బిడ్డ గురవమ్మ కన్నది. పెరిగింది పుల్లావు పాలతో, రంగమ్మ పక్కలో. రంగమ్మ ఉగాది నుంచి తింటున్నది గురవమ్మ ఉన్న చేను జొన్నలు. ఎవరు ఎక్కడ ఆగి ఎవరు ఎక్కడ మొదలవుతారో తేల్చే పనిముట్టు నా సంచిలో లేదు.

"తెలీదమ్మా," అన్నాను. "గురవమ్మనూ నిన్నూ బిడ్డనూ విడదీసి చూడటం నా వల్ల కాదు. ఆవు వల్ల కూడా కాలేదు."

రంగమ్మ పాలు కాచి బిడ్డకు పోసింది. కడుపు నిండిన పసిది ఆమె గుండె మీదే నిద్రపోయింది. ఎవరూ చెప్పకుండానే రంగమ్మ ఒక పాలచుక్క వేలితో తీసి మెడలో బిళ్లకు అద్దింది.

"తాగు అక్కా. కానీ గుర్తుపెట్టుకో, బిడ్డకు పోసినాకనే నీకు. ముందు నీకు అనే ముచ్చట ఇంక లేదు."

గొంతులో కోపం అట్లాగే ఉంది. కానీ అక్కా అంది. ముసలామె ఆ మాట విని వాకిట్లోకి పోయి కొడుకుతో, "ఎద్దులను విప్పు," అంది.

తిరుగు రైల్లో నాకు గురవమ్మ మీద అసూయ పుట్టింది. నవ్వకండి. ఒక గట్టు మీది గడ్డిలో, ఒక ఆవులో, చివరకు సవతి నోట్లో కూడా చోటు సంపాదించుకున్న మనిషి ఆమె. నేను బతికుండి, కన్నకూతురికి నా వాసన తెలియని వాణ్ణి. కంభం చెరువు నీళ్లు కనబడుతుంటే ఒక సంగతి తట్టింది. నల్లమల అవతల ఎవరి పిల్ల ఎవరి భుజమెక్కితే నాకేం? కుళ్లు రాదు. మనకు తాడు కట్టి ఉన్న చోటే అది లాగుతుంది. కుళ్లు పుట్టిందంటే అక్కడ చుట్టరికం ఉన్నట్టే. నా కుళ్లు తగ్గిందని చెప్పను, తగ్గలేదు. సెలవు పెట్టి దర్శి పోయి, పాప నన్ను చూసి ఏడ్చినా కదలకుండా, మా బావమరిది పక్కనే చాప మీద కూర్చున్నాను.

ఆ తర్వాత నా సర్వీసులో, ఆవు చేపడం లేదని ఎవరు వచ్చినా ముందు ఒక మాట అడిగేవాణ్ణి: "మీ ఇంట్లో ఎవరికి ఎవరి మీద కడుపుమంట?" చాలామంది, ఆవు సంగతి అడిగితే ఇంటి గుట్టు అడుగుతావేందని నా మీదికి లేచేవారు. కొందరు తల వంచుకుని చెప్పేవారు. కుళ్లున్న ఇంట్లో తాడు ఇంకా తెగలేదని వాళ్ల వెంట నేను నమ్మకంగా పోయేవాణ్ణి.