కోడలి మీద ఫిర్యాదులు ఇంకా చెప్పండి

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి వర్షాకాలంలో నన్ను కొత్తపేట వైపున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పిల్లల డాక్టరుగా వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. వైద్యంతో పాటు నాయనమ్మలతో వాదన కూడా ఆ హోదాలో భాగమే. తరవాత నేను ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాను గానీ, అది వాదించలేక మాత్రం కాదు.

చేరిన వారంలోనే మలికిపురం దగ్గర నుంచి రెండు రోజుల మగబిడ్డను తెచ్చారు. పాలు చీకలేడు. ఒళ్లు వడిలిన తోటకూర కాడ. ఏడిస్తే పక్కవాళ్లకు కూడా వినబడదు. నాయనమ్మ వెంకాయమ్మగారికి అదే గర్వం.

"ఏడుపన్నదే లేదండి. మా ఇంట్లో ఇంత బుద్ధిమంతుడు పుట్టలేదండి!"

"పాలు తాగకపోతే ఆ బుద్ధిమంతుడు మనకు దక్కడండి," అన్నాను.

చక్కెర, ఇన్‌ఫెక్షన్ పరీక్షల్లో ఏమీ దొరకలేదు. గొట్టంతో పాలు పోస్తూ, ఊపిరి కూడా బలహీనపడుతుందేమోనని కాపలా కాశాం. ఈలోగా వెంకాయమ్మగారు బిడ్డ తల్లి మీద, అంటే తన కోడలు దుర్గ మీద పడ్డారు.

"దీని బద్ధకమేనండి వాడికొచ్చింది. సాయంత్రమైతే రెప్పలు వాల్చేస్తది. కొబ్బరిముక్క పెడితే సగం నమిలి దవడ లాగేస్తందంటది."

నోరు మూయించబోయినదాన్ని ఆగాను. "ఇంకా చెప్పండి."

"ఆయ్?" కోడలి మీద ఇంకా చెప్పమన్న డాక్టరు ఆవిడకు జన్మలో తగల్లేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "జడ సగం అల్లి చేతులు దించేస్తదండి!"

దుర్గను తల కదపకుండా పైకే చూస్తూ ఉండమన్నాను. కాసేపటికే రెప్పలు దిగిపోయాయి. నాకు అనుమానం వచ్చింది: మయస్థీనియా. నరం చెప్పే మాట కండరానికి అందకుండా ఒంట్లోని యాంటీబాడీలే అడ్డుపడే జబ్బు; వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది. గర్భంలో అవి బిడ్డకూ చేరతాయి. బిడ్డలో మాత్రం కొన్ని వారాలకు వాటంతటవే పోతాయి.

గుండె నెమ్మదిస్తే ఇవ్వడానికి అట్రోపిన్ పక్కన పెట్టుకుని, ఆ అడ్డును కాసేపు దాటించే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ బిడ్డకు చేశాను. అందరం వాడి మొహమే చూస్తున్నాం. బిడ్డ కాళ్లు ముడిచాడు, మొహం చిట్లించాడు, కప్పు లేచిపోయేలా ఏడ్చాడు! నర్సులు చప్పట్లు కొట్టారు. దుర్గ నవ్వింది. వెంకాయమ్మగారు వరండాలోకి పరుగెత్తి, "ఏడ్చేడండీ! మావాడు ఏడ్చేడు!" అని ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ చెప్పి వచ్చారు.

"మరి బుద్ధిమంతుడన్నారు?"

"బుద్ధి మీరుంచుకోండి డాక్టరుగారూ, మావాడికి గొంతు చాలు!"

కొన్ని వారాల తరవాత బిడ్డకు మందు అక్కర్లేకపోయింది. దుర్గకు పెద్దాసుపత్రిలో జబ్బు నిర్ధారించి మాత్రలు మొదలుపెట్టారు.

చీకలేని బిడ్డ వస్తే తల్లినీ పరీక్షించాలి. అత్తగారు కోడల్ని తిడుతుంటే అడ్డుపడకూడదు. ఆవిడ తీర్పును కొట్టేసి, సాక్ష్యాన్ని రాసుకోవాలి.