ఉరిమిన పూట పీకిన ప్లగ్గు

ఉరుము వినబడితే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేయడం నా అలవాటు. ఝరాసంగం వైపు కూలికి పోయే రోజుల్లో పిడుగు పడి నా కళ్లముందే రెండు ఎద్దులు చచ్చాయి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను గానీ ఆ భయం చదువుతో పోలేదు.

మా కోడలు జహీరాబాద్‌లో, మా ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తుంది. కంపెనీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న పన్నెండు లినక్స్ సర్వర్లను చూసుకోవాలి. వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు రిపాజిటరీ అనే చోటి నుంచి దిగుతాయి; గోదాములాంటిదని నాకు చెప్పింది. ఆ గోదాము మారింది. ప్రతి సర్వర్‌లో పాత చిరునామా తీసి కొత్తది పెట్టి, కొత్త ప్యాకేజీలు దింపాలి. ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే చేసుకుపోయే స్క్రిప్టు ఆమె వారం రోజులు కూర్చుని రాసింది.

అందులో ఒక సర్వర్ ఏదో దవాఖానది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అక్కడ రోగులకు చీటీలు రాయరు. ఆలోగా పని ముగియాలి. అంతకుముందు ఒకసారి మా ఇంట్లో కరెంటు పోయి పని ఆగితే, ఇంకోసారి ఇలా అయితే రోజూ ఆఫీసుకు రావాల్సిందేనని ఆమె పైఅధికారి గట్టిగా చెప్పాడు. కోడలికి అప్పుడు ఆరో నెల. రోజూ హైదరాబాద్ బస్సెక్కి దిగడం ఎలా?

రెండింటికి పని మొదలుపెడుతూ అంది:

"అత్తమ్మా, గా నెట్ డబ్బాను జర ముట్టకు. నాలుగు దాక."

"నాకేం పని దానితోని?"

గంట గడవకముందే న్యాల్‌కల్ వైపు నుంచి మబ్బు కమ్మింది. ఇల్లు అదిరేలా ఉరిమింది. టీవీ ప్లగ్గు పీకాను. ఫ్రిజ్‌ది పీకాను. డబ్బాది కూడా పీకాను. మరిచిపోయానని అబద్ధం రాయను. ఆమె మాట గుర్తుంది; పిడుగు భయమే పెద్దదైంది.

"అయ్యో, ఆగిపాయె!" లోపలి నుంచి కోడలి కేక.

గబగబా ప్లగ్గు పెట్టేశాను. డబ్బా దీపాలు ఎంతకూ పచ్చబడవు. నేనే పీకానని చెప్పకుండా ఆమె గది గుమ్మంలోనే నిలబడ్డాను.

అంతలో పైఅధికారి ఫోన్. ఆమె స్పీకర్ పెట్టింది.

"ఎన్ని అయినయి?"

"ఏడు సర్. ఎనిమిదోది సగంల ఆగింది."

"దవాఖానది అదే గదా!"

"అదే సర్. నా స్క్రిప్టుల తప్పున్నట్టుంది సర్."

నా తప్పును ఆమె తన నెత్తిన వేసుకుంటే ఊరుకోలేకపోయాను. గుమ్మంలోంచే అరిచాను. "స్క్రిప్టు కాదు సారూ! ఉరిమిందని నేనే ప్లగ్గు పీకిన!"

కోడలు కళ్లు మూసుకుంది. ఫోన్‌లో సారు గొంతు పెరిగింది.

"చూసినవా? ఇంటికాడ పనంటే గిట్లనే ఉంటది. ముందు దాన్ని లేపు. సోమవారం ఆఫీసుకు రా, మాట్లాడుదాం."

ఫోన్ పెట్టేశాక ఆమె నావైపు తిరిగింది. "డబ్బా ఎవరు పీకిన్రో నాకు తెల్వదా అత్తమ్మా? స్క్రిప్టు తప్పంటే తిట్టి ఊకుంటడు. ఇంట్ల తప్పంటే ఊకుంటడా?"

అప్పటికి డబ్బా దీపాలు పచ్చబడ్డాయి.

సగం దిగిన ప్యాకేజీలను ఆమె సరిచేయడం మొదలుపెట్టింది. తప్పు జరిగిందంటూ రెండుసార్లు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నేను గోడకానుకుని గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగుకు పది నిమిషాలు ఉందనగా దవాఖాన సర్వర్ లేచింది. మిగిలిన నాలుగు సర్వర్లకు, మా నెట్ పోయినా ఆగకుండా స్క్రిప్టు ఆ సర్వర్ల మీదే నడిచేలా పెట్టింది. ముందే అలా పెట్టవచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పన్నెండూ అయ్యాక ఆమె నడుము పట్టుకుని లేచింది.

"సోమవారం నేను గూడ వస్త బిడ్డా. మీ సారుకు నేనే చెప్త."

"వద్దు అత్తమ్మా," అంది. "నువ్వు చెప్పింది చాలు."