నజీరా చేసిన కాలి పంపు

నజీరా కొట్టుకి ఎవరూ ఇష్టపడి వెళ్లరు. పంపు చెడిపోయి, వేరే దారి లేక వెళతారు. మార్టూరులో హైవే పక్కన గ్రానైట్‌కి పాలిష్ పట్టే షెడ్ల వరసలో చివరి రేకుల కొట్టు ఆమెది. మిరప చేలకీ పత్తి చేలకీ పురుగుమందు కొట్టే పంపులు బాగు చేస్తుంది. తండ్రి సైదా చేసిన పనే. ఆయన పోయాక కొట్టుతోపాటు ఆయన నోటి దురుసు కూడా ఈమెకే వచ్చింది.

నేను మొదటిసారి వెళ్లేసరికి పానకాలు అనే రైతుతో తగాదా నడుస్తోంది.

"ట్యాంకు కడిగి తెమ్మని ఎన్నిసార్లు మొత్తుకోవాలి బాబాయ్? మందుతో సహా తెచ్చి నా మొహాన పెడతావు."

"కడగడానికి నువ్వున్నావుగా."

"మీ ఇంట్లో పాలగిన్నె ఇట్టాగే ఇస్తావా ఎవరికన్నా?"

"ముందు వాషరు మార్చమ్మా తల్లీ. అక్కడ పురుగు కాయంతా తినేస్తంటే నీ పాఠాలేంది నాకు?"

వాషరు మార్చింది. పంపు ఆయన కాళ్ల దగ్గర దబ్బున పడేసింది. ఆయన వెళ్లాక సబ్బుతో చేతులు కడుక్కుంది, వాసన చూసుకుంది, మళ్లీ కడుక్కుంది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొలుసులు లేచి ఉంది.

"బుద్ధెరిగిన కాడ్నించీ నేను ముట్టుకున్న ప్రతి పంపులోంచీ విషమే పోయింది," అంది, నాతోనో సబ్బుతోనో తెలీకుండా. "వట్టి నీళ్లు పోసే పంపు చేసి దాంతోనే బతకాలి. ఈ కంపు ఇంక ముట్టుకోకూడదు." ఆ తర్వాత తలెత్తి, "నువ్వెవడివి? నీ పంపేది?" అంది.

నా దగ్గర పంపు లేదు. పంపు చేయించుకోవడానికే వెళ్లాను.

గుంటూరులో ఇంజనీరింగ్ మధ్యలో వదిలేశాక నేను చీరాల దగ్గర వాడరేవులో దుర్గాప్రసాద్ కింద చేరాను. దుర్గాప్రసాద్ మంచివాడని నేను చెప్పను. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకి సముద్రంలో కయాకులు తిప్పుతాడు. కయాక్ అంటే సన్నటి, పొడవాటి ఒంటిమనిషి పడవ. నడుము దాకా అందులోకి దూరి, కాళ్లు చాపి కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నడపాలి. మా పక్కనే వలలు ఆరేసుకునే నతానియేలు వాటిని కుడితి తొట్లంటాడు. "మీ తొట్లు మునిగితే మా బోటు పిలవమాకండి, ముందే చెబుతున్నా" అని పొద్దున్నే మేలుకొలుపు పాడటం ఆయన అలవాటు.

ఆయన అనడానికి కారణం ఉంది. పెద్ద అల వస్తే నీళ్లు ఒళ్లోకి దిగి పడవ అడుగున చేరతాయి. వాటిని తోడటానికి చేతిపంపు ఇస్తారు. చేత్తో పంపు కొట్టాలంటే తెడ్డు వదలాలి. అలల్లో తెడ్డు వదిలితే పడవ పక్కకి ఒరిగి ఇంకిన్ని నీళ్లు తాగుతుంది. దీనికి దుర్గాప్రసాద్ దగ్గరున్న మందు కస్టమర్ల మీద అరవడం. కంపాసుల సంగతీ అంతే. కొన్నవన్నీ చిన్నవి. మెడ వంచి అంకె వెతుక్కునేలోపు అల మీద పడుతుంది.

"మీ మార్టూరు ఆవిడ చేస్తానంటే ఒక పడవకి చేసి తెమ్మను," అన్నాడు దుర్గాప్రసాద్. "పంపూ కంపాసూ రెండూ బాగుంటే నా పడవలన్నిటికీ పెట్టిస్తా. సూర్యలంకలో మావాళ్లు పడవలు దించుతున్నారు, వాళ్లకీ చెబుతా."

ఆ మాట నజీరాకి చేరవేశాను. అంత పని దొరికితే మందు పంపులు మానేయొచ్చు. ఆమె సంతోషపడలేదు. "ఆయన మాట మీద ఆయనకే నమ్మకముందా?" అని అడిగి పనిలో దిగింది.

నేను గీసుకెళ్లిన బొమ్మని అవతల పారేసింది. "బొమ్మలెవడిక్కావాలి? కింద కూర్చో. కాళ్లు చాపు. ఇప్పుడు తెడ్డు వేస్తున్నట్టు ఊగు." నడిరోడ్డు పక్కన లేని తెడ్డు పట్టుకుని ఊగుతుంటే పాలిష్ షెడ్ల వాళ్లు ఈలలేశారు. ఆమె వాళ్లని తిట్టింది, సరిగ్గా ఊగనందుకు నన్నూ తిట్టింది. తెడ్డు వేసేటప్పుడు కాళ్లు ఊరికే ఉండవని, ఒకదాని తర్వాత ఒకటి ముందుకి తన్నుతాయని కనిపెట్టింది. పంపుని అక్కడే, పాదం కింద పెట్టింది. రెండు చెక్కల మధ్య లారీ ట్యూబు రబ్బరు. తొక్కితే నీళ్లు గొట్టంలోంచి బయటికి పోతాయి, వదిలితే రబ్బరు పొంగి కొత్త నీళ్లు లాక్కుంటుంది. నీళ్లు వెనక్కి రాకుండా మందు పంపుల్లో ఇనప గుండు ఉంటుంది. ఉప్పునీళ్లకి అది తుప్పు పడుతుందని పిల్లలాడే గాజు గోలీ వేసింది. పాత పంపుల నుంచి ఒక్క ముక్క కూడా తియ్యలేదు. వాసన ఉంటుందట.

కంపాసు కూడా అంతే మొండిగా చేసింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గిన్నెలో నూనె, అందులో తేలే బిళ్ల, బిళ్ల అడుగున అయస్కాంతం. బిళ్ల మీద దిక్కులు ఎర్రగా, దూరం నుంచి కనపడేంత లావుగా రాసింది. అయస్కాంతాన్ని బిళ్లకి ఏ కోణంలో అతికించాలో కొట్టు ముందున్న బల్ల మీద చూసుకుంది. ఆ బల్ల సైదా కాలం నాటి నల్ల గ్రానైట్ పలక. అంచు విరిగిందని పాలిష్ షెడ్డువాళ్లు పారేస్తే తెచ్చుకున్నాడు. అద్దంలా సమంగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కొట్టు గుంజ నీడ పడినచోట దానిమీద గీత గీసింది. అది ఉత్తరం. కంపాసుని గీత మీద పెట్టి, బిళ్ల మీది ఉత్తరం సరిగ్గా గీత వెంబడి నిలిచేలా అతికించింది. మార్టూరులో అంతకంటే నునుపైన బల్ల ఎవరి దగ్గరుంది?

చలికాలం ఒక ఉదయం దుర్గాప్రసాద్ ఆ పంపూ కంపాసూ బిగించిన పడవెక్కాడు. నేనూ ఇద్దరు కస్టమర్లూ వెనక పడవల్లో. ఒడ్డు సన్నటి గీతలా కనపడుతున్నప్పుడు మంచు దిగింది. గీత పోయింది. "నా వెనకే రండి, కంపాసుంది," అని అరిచాడు. వెళ్లాం. ఎంత తెడ్డు వేసినా ఒడ్డు రాదు. పక్క నుంచి అల వచ్చి అతని ఒళ్లో పడింది, తర్వాత ఇంకోటి. గొట్టంలోంచి నీళ్లు ఎగజిమ్ముతూనే ఉన్నాయి, అతని చేతులు తెడ్డు మీదే ఉన్నాయి. అది నేను కళ్లారా చూశాను. కస్టమర్లలో ఒకడు ఏడవడం మొదలుపెట్టాడు. మంచు విడేసరికి మేం పక్క ఊరు రామాపురం కూడా దాటి ఎక్కడో తేలాం. నతానియేలు బోటే వచ్చి తాళ్లు కట్టి లాక్కొచ్చింది. దారి పొడుగునా తొట్ల గురించి పాట పాడాడు.

దుర్గాప్రసాద్ నన్ను వెంటేసుకుని తడి బట్టలతోనే మార్టూరు వచ్చాడు. కంపాసు తెచ్చి ఆమె ముందు విసిరినంత పని చేశాడు.

"ఏమ్మా, మనుషుల్ని చంపుదామనుకున్నావా?"

"అరవమాక. కాళ్ల మధ్య ఏం పెట్టుకున్నావు?"

"నీళ్ల బాటిలు."

"స్టీలుదా?"

"అయితే?"

"అయితే ఏంది, ఇనుముంటే అది తిరగదా? ఇటు తే." కంపాసుని నల్ల బల్ల మీద, గీత మీద పెట్టింది. బిళ్ల రెండుసార్లు ఊగి గీత వెంబడి నిలబడింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. "చూడు. కళ్లున్నాయిగా? ఇప్పుడు చెప్పు, తప్పెవరిది?"

దుర్గాప్రసాద్ వంగి చూశాడు. గొంతు తగ్గింది. "బాటిలు సంగతి నాకెవరు చెప్పారు..." అన్నాడు. అంతలో ఫోను మోగింది. ఏడ్చిన కస్టమర్ తండ్రి. ఇతను అటు తిరిగి బతిమాలుకుంటున్నాడు.

నజీరా గెలిచింది. అక్కడితో ఊరుకుంటే ఆమె నజీరా ఎందుకవుతుంది? అతని మొహం ముందు ఇంకోసారి ఆడిద్దామని కంపాసుని బల్ల మీద నుంచి పైకెత్తింది. బిళ్ల మెల్లగా పక్కకి తిరిగింది. దింపింది. గీత మీదికి వచ్చింది. ఎత్తింది. మళ్లీ తిరిగింది.

రాయి. ఆ నల్లరాయిలోనే ఇనుముంది. అయస్కాంతాన్ని పక్కకి లాగుతోంది. ఆ లాగుడుతో సహా ఆమె ఉత్తరం అతికించింది. బల్ల మీద ఉన్నంతసేపూ నిజం, సముద్రంలో అబద్ధం.

"అక్కా, ఊరుకో," అన్నాను చిన్నగా. "బాటిలే అనుకుంటున్నాడు. అనుకోనీ. రేపు సరిచేసి ఇద్దాం. పని పోద్ది."

నావైపు చూసిన చూపు పానకాలు వైపు కూడా ఎప్పుడూ చూడలేదు. "నువ్వు ఆ పడవల్లోనే ఉన్నావుగా? నీకు సిగ్గులేదూ?" తర్వాత గొంతెత్తింది. "ఏమయ్యా, ఆ ఫోను పెట్టేసి ఇటు రా. తప్పు నాదే. ఈ బల్లది."

ఎత్తి చూపించింది, దింపి చూపించింది. అప్పుడు మొదలైంది. దుర్గాప్రసాద్ ఆమెని, ఆమె తండ్రిని, మార్టూరుని, కొండల్లో రాయిని కూడా తిట్టాడు. "రెండూ వద్దు. నీ పంపు కూడా పీకి పారేస్తా."

"కంపాసు సంగతి సరే, తిట్టు, పడతా. పంపేం చేసింది? పంపు లేకపోతే నువ్వివాళ ఇక్కడికొచ్చి తిట్టేవాడివా?"

"ఈదుకుంటూ వచ్చేవాడిని!"

"అబ్బో."

ఆదివారం ఆమె బస్సెక్కి వాడరేవు దిగింది. చేతిలో రెండు బకెట్లు. ఇసక మీద కస్టమర్లు బారుగా నిలబడి ఉన్నారు. "పంపు పీకావా?" అని అడిగింది. పీకలేదు. పీకడానికి అతనికి బద్ధకం. "అయితే ఎక్కు. తెడ్డు పట్టుకో. చెయ్యి తీస్తే నువ్వోడినట్టు." అందరి ముందూ కాదనలేక ఎక్కాడు. నజీరా సముద్రంలోంచి నీళ్లు తెచ్చి అతని ఒళ్లోనే కుమ్మరించడం మొదలుపెట్టింది. నతానియేలు వల వదిలేసి వచ్చి రెండో బకెట్ అందుకున్నాడు, పిలవకుండానే.

"తొక్కు! కాలు లేదా? తొక్కు!"

అతను తొక్కాడు. కోపమంతా పాదాల్లోకి దిగింది. వీళ్లు పోస్తున్నారు, గొట్టం కక్కుతోంది. పొయ్యలేక నతానియేలు బకెట్ కింద పెట్టి నడుం పట్టుకున్నాడు. పడవ అడుగున గుప్పెడు నీళ్లు కూడా లేవు. "తొట్టే," అన్నాడు, "కానీ చిల్లున్న తొట్టి." కస్టమర్లు చప్పట్లు కొట్టారు. దుర్గాప్రసాద్ పడవ దిగకుండానే అన్నాడు: "పంపులు పెట్టు. అన్నిటికీ. సూర్యలంక వాళ్లకీ చెబుతా. నీ కంపాసు మాత్రం నా పడవ దరిదాపులకి రాకూడదు." ఇప్పటికీ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మధ్యలో తిట్లు మోసేది నేనే.

ఆ వారమే నజీరా గడ్డపారతో నల్ల బల్లని కూలదోసింది. దాని స్థానంలో వేపచెక్క బల్ల వేయించి దాని మీద ఇంకో కంపాసు చేసింది. ఎత్తినా దింపినా అది తిరగదు. ఎవరూ కొనలేదు. కొట్టులో మేకుకి వేలాడుతోంది.

పోయినవారం పానకాలు వచ్చాడు, భుజాన పంపుతో. ఆమె అప్పుడు నీళ్ల తొట్టిలో కొత్త కాలి పంపు పెట్టి తొక్కి చూస్తోంది. "మందు పంపులు ఇంక చెయ్యను బాబాయ్. లోపలికి తేకు," అంది తలెత్తకుండా.

"పడవలకి పంపులు చేస్తే కడుపు నిండుద్దా?"

"నిండకపోతే మీ ఇంటికొచ్చి అడుక్కోన్లే."

"నీ అయ్య ఉంటే ఈ మాటనేవాడా? వాషరు ముక్కకి నేను అద్దంకి పోవాలా?"

"పో. బస్సుంది."

ఆయన కదల్లేదు, పంపు గుమ్మంలో దించబోయాడు. నజీరా గొట్టం అటు తిప్పి గట్టిగా తొక్కింది. నీళ్లు సర్రున వెళ్లి ఆయన పంచె మోకాళ్ల దాకా తడిపేశాయి. పానకాలు ఎగిరి గంతేసి రోడ్డు మధ్యలో పడ్డాడు. పాలిష్ షెడ్ల వాళ్లంతా వినేలా బూతులు అందుకున్నాడు.

"వట్టి నీళ్లే బాబాయ్," అంది నజీరా, ఇంకోసారి తొక్కుతూ. "చావవులే."