శుక్రవారం మొరాయించే మానిటర్

నాకు కోపం ఎక్కువని తాడేపల్లిగూడెంలో మా పుట్టింటి వీధి మొత్తానికి తెలుసు. అత్తవారింట్లో తెలియడానికి మాత్రం పదకొండేళ్ళు పట్టింది. అదీ ఓ కంప్యూటర్ మానిటర్ పుణ్యమా అని.

మాది కైకలూరుకి కాస్త ఎడంగా, చుట్టూ చేపల చెరువులున్న ఊరు. మా ఆయనవీ రెండు చెరువులున్నాయి. నేను ఇంట్లో కూర్చుని చేసేది మెడికల్ కోడింగ్. అంటే ఆసుపత్రుల రికార్డులు చదివి, ఏ జబ్బుకి, ఏ వైద్యానికి ఏ కోడ్ వెయ్యాలో వెయ్యడం. పాపని బడికి పంపి, వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదివి, పరీక్ష పాసై తెచ్చుకున్న ఉద్యోగం అది. కంపెనీ హైదరాబాదులో ఉంది. పొద్దున్న తొమ్మిదికి లాగిన్ అయితే సాయంత్రం ఆరు దాకా కదలడానికి లేదు. మా ఆయన మాత్రం చెరువు గట్టు మీదికి ఎవరొచ్చినా, "మా ఆవిడకి ఇంట్లో ఊసుపోక ఏదో టైంపాస్" అని చెప్పేవారు. తొమ్మిది గంటలు కళ్ళు ఎర్రబడేలా పనిచేస్తే అది టైంపాసట! చేపలకి మేత చల్లించి, వేపచెట్టు కింద మంచమేసుకుని ఫోన్ చూసేదేమో వ్యవసాయమట!

ఆ మానిటర్ మొదటిసారి తిక్క చేసింది ఒక శుక్రవారం. పొద్దున్న ఎప్పటిలాగే టేబుల్ శుభ్రం చేసుకుని, మానిటర్ మూల మా అత్తయ్య పెట్టిన బొట్టు తడిగుడ్డతో తుడిచేసి కూర్చున్నాను. శుక్రవారం వస్తే చాలు, మా అత్తయ్య తలారా స్నానం చేసి కుంకం భరిణె పట్టుకుని బయల్దేరుతుంది. గడపకీ, గ్యాస్ పొయ్యికీ, బియ్యం డ్రమ్ముకీ, చెరువు ఇంజనుకీ, మా ఆయన బండికీ బొట్టు పెడుతుంది. అవన్నీ ఆవిడ ఇష్టం. కానీ నల్లగా నిగనిగలాడే నా మానిటర్ మీద ఆ పసుపూ కుంకమా చూస్తే నాకు చిరాకు. ఆవిడ పెట్టడం, నేను తుడవడం. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పదిన్నరకి స్క్రీన్ మధ్యలో దానంతటదే ఒక పెట్టె తెరుచుకుంది. వెలుతురు ఎంత కావాలో సర్దుకునే మెనూ. నేనేమీ నొక్కలేదు. మూసేశాను. మళ్ళీ తెరుచుకుంది. వెలుతురు దానంతటదే పెరిగి, తగ్గి, చివరికి మానిటర్ టక్కున ఆరిపోయింది. వెలిగిస్తే ఐదు నిమిషాలుండి మళ్ళీ ఆరింది. సాయంత్రం దాకా అదే ఆట. శనివారం పొద్దున్న చూద్దును కదా, ఏమీ ఎరగనట్టు పనిచేస్తోంది.

తరవాతి శుక్రవారం మళ్ళీ అంతే. ఆ పై శుక్రవారమూ అంతే. నేను ఊరుకోలేదు. తీగ మార్చాను. ప్లగ్గు మార్చాను. పక్క చెరువుల వాళ్ళు నీళ్ళు చిలికే ఏరేటర్లు ఒక్కసారిగా వేసినప్పుడు మా వీధిలో కరెంటు తగ్గిపోతుంది కాబట్టి, అదేనేమోనని స్టెబిలైజర్ పెట్టించాను. ఏరేటర్ల వాళ్ళని పేరుపేరునా తిట్టుకున్నాను కూడా. పాపం వాళ్ళ తప్పేమీ లేదు.

"కొత్తది కొందామండీ" అన్నాను మా ఆయనతో.

"పట్టుబడి అయ్యాక చూద్దాంలే" అన్నారు. చేపలు పట్టి అమ్మాక అన్నమాట. అదే నెలలో ఆయన చెరువుకి నాలుగు ఏరేటర్లు దిగాయి. వాటికి పట్టుబడి అడ్డం రాలేదు!

"పోనీ హాల్లో టీవీకి తగిలించుకోరాదా?" అని సలహా ఒకటి. రోగుల వివరాలు పరాయి కంట పడకూడదు, తలుపు మూసిన గదిలోనే పనిచెయ్యాలని కంపెనీ రూలు. ఆ మాట ఈయనకి పదిసార్లు చెప్పి ఉంటాను. ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశారు.

నాలుగో శుక్రవారం సాయంత్రం హైదరాబాదు నుంచి మా టీమ్ లీడ్ ఫోన్ చేసింది. నాకన్నా పదేళ్ళు చిన్నది.

"మేడమ్, మీ రిపోర్టు చూస్తున్నానండి. నాలుగు వారాల నుంచి శుక్రవారం శుక్రవారమే మీ సిస్టమ్ ఆగిపోతోంది. మీ ఇంట్లో శుక్రవారం పూజలేమైనా ఉంటాయాండీ?"

"పూజలేంటండీ? మానిటర్ పాడైందని చెప్పాను కదా?"

"శుక్రవారం ఒక్కరోజే పాడయ్యే మానిటర్ ఎక్కడైనా ఉంటుందా మేడమ్? వచ్చే శుక్రవారం కూడా ఇలాగే అయితే, ఒకటో తారీకు నుంచి మీరు హైదరాబాద్ ఆఫీసుకి రావాల్సి ఉంటుంది. రాలేకపోతే మరి మీరే ఆలోచించుకోండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పూజ వంక పెట్టి పని ఎగ్గొడుతున్నానట! హైదరాబాదు వెళ్ళడమంటే పాపనీ, ఇంటినీ వదిలి వెళ్ళడం. అది అయ్యే పని కాదని ఆ పిల్లకీ తెలుసు. అంటే నా ఉద్యోగం ఇంకో శుక్రవారం దాకానే. ఫోన్ పెట్టేసి ఆ మానిటర్ వంక చూస్తే, దాన్ని ఎత్తి చెరువులో పారెయ్యాలనిపించింది.

పారెయ్యలేదు. కంప్యూటర్ తీగ పూర్తిగా పీకేశాను. కరెంటు తీగ ఒక్కటీ ఉంచాను. అయినా ఆ పాడు మెనూ తెరుచుకుంది! అంటే కంప్యూటర్లో దోషం లేదు, మానిటర్లోనే ఉంది. ఆ మాత్రం తేలినందుకు కాస్త ప్రాణం కుదుటపడింది.

శనివారం దాన్ని దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. కొల్లేరు మధ్య రోడ్డు మీద ప్రతి కుదుపుకీ పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ముందు పోతున్న చేపల లారీ ఐసు నీళ్ళు కారుస్తూ దారంతా కంపు కొట్టించింది. అంత అవస్థపడి రిపేరు షాపుకి చేరితే, అక్కడ కూర్చున్న పెద్దమనిషి దుప్పటి విప్పకుండానే అడిగాడు.

"సార్ రాలేదాండీ?"

"ఏ సారండీ?"

"అదేనండి, మీ వారు. కంప్లయింటు ఏంటో ఆయనైతే చెప్తారని."

"మానిటర్ వాడేది నేనండి. పాడైంది నాది. కంప్లయింటు కూడా నేనే చెప్తాను" అన్నాను.

"ఆయ్, చెప్పండి, చెప్పండి" అన్నాడు నవ్వుతూ. చెప్పాను. సగం విని, "పిల్లలు గేములాడతారాండీ?" అన్నాడు. తగిలించి చూశాడు. గంటసేపు అది బంగారంలా పనిచేసింది. శనివారం కదా మరి! "ప్యానెల్ వీకైపోయిందండి, బాగుచేసినా ఉండదు, కొత్తది తీసుకోండి. సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి, మంచి మోడల్ చెప్తాను" అన్నాడు. మూత తీసి చూడలేదు, స్క్రూడ్రైవర్ చేత్తో ముట్టుకోలేదు. వీకైపోయిందట! మళ్ళీ దుప్పటి చుట్టుకుని, మళ్ళీ అదే బస్సు, అదే కంపు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన, "ఎందుకొచ్చిన తలనొప్పి, మానెయ్యరాదూ ఆ ఉద్యోగం" అన్నారు. నేను మానిటర్‌ని ఎత్తుకుని గదిలోకెళ్ళి తలుపేసుకున్నాను. మాట్లాడితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేనే విప్పడానికి కూర్చున్నాను. ఫోన్లో వీడియోలు చూసి అప్పటికి ఒక్క సంగతి అర్థమైంది. ఎవరూ నొక్కకుండా మెనూ తెరుచుకుంటోందంటే, ఎవరో మీట నొక్కుతున్నట్టు మానిటర్‌కి అనిపిస్తోందన్నమాట. మీటలు ఐదూ కింద కుడి మూల, నీలం దీపం పక్కన ఉన్నాయి. బొంత పరిచి దాని మీద మానిటర్‌ని బోర్లా పడుకోబెట్టాను. మా అత్తయ్య ఎప్పుడొచ్చిందో, పక్కనే చతికిలబడి, తీసిన స్క్రూలు వెయ్యమని స్టీలు పళ్ళెం పట్టింది. పాత ప్లాస్టిక్ కార్డు సందులో దూర్చి అంచు చుట్టూ నెమ్మదిగా లేపాను. టక్ టక్‌మని ఊడింది.

మీటల వెనక బొటనవేలంత సర్క్యూట్ పలక ఉంది. దాని నిండా ఎర్రగా, పసుప్పచ్చగా గట్టిపడిన ముద్ద. రాగి గీతల మీద ఆకుపచ్చగా చిలుం పట్టింది.

కుంకం!

"అత్తయ్యా!" అని ఒక్క అరుపు అరిచాను. "చూడండి! ఇదిగో, మీ కళ్ళతో చూడండి! నాలుగు వారాల నుంచి నేను చస్తున్నది దీని గురించే. బొట్లు పెట్టి పెట్టి నా ఉద్యోగం ఊడగొట్టేస్తున్నారు కదండీ!"

పదకొండేళ్ళలో ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు. పళ్ళెంలో స్క్రూలు గలగలమన్నాయి. ఆవిడ పళ్ళెం బొంత మీద పెట్టింది.

"మధ్యలో పెడితే నీకు అక్షరాలు కనపడవని, ఆ దీపం పక్కన మూలకి పెట్టానమ్మా. నీ పని సాగాలనే పెట్టాను" అంది. వంగి ఆ పలకని చూసింది. "అయినా నేను గోరంతే కదా పెడతాను. అది ఇట్టే ఆరిపోద్ది. మరి నీళ్ళలో కలిపి పోసినట్టు ఇంత లోపలికి ఎలా దిగింది చెప్మా?"

దెప్పడానికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. నేను తల తిప్పితే టేబుల్ మీద నా తడిగుడ్డ కనిపించింది. దాని కొస గులాబీ రంగుకి తిరిగి ఉంది. శుక్రవారం శుక్రవారం ఆరిన బొట్టుని తడిపి, రుద్ది, నీళ్ళు చేసి మీటల సందులోకి దిగ్గొట్టింది నేనే. తడి ఉన్నంతసేపు మానిటర్ మొరాయించేది, మర్నాటికి ఆరి మామూలయ్యేది. ఏరేటర్ల వాళ్ళనీ, షాపువాడినీ, మా ఆయననీ, చివరికి ఈవిడనీ తిట్టాను. తిట్టవలసిన మనిషి మాత్రం రోజూ నా కుర్చీలోనే కూర్చుంటోంది. నాకు సిగ్గేసింది.

"నేను తుడిచేస్తున్నానని మీకు తెలుసు కదత్తయ్యా? మళ్ళీ మళ్ళీ ఎందుకు పెట్టారు?" అన్నాను. గొంతు దానంతటదే తగ్గింది.

"తుడవడం చూశానమ్మా. వచ్చే వారం కొత్త బొట్టుకి శుభ్రం చేస్తున్నావేమో అనుకున్నాను" అంది.

మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి, పాత బ్రష్షుతో ఆ పలకని పంటిని తోమినట్టు తోమాను. చిలుం వదిలింది. గంట ఎండలో పెట్టి, తిరిగి బిగించాను. వెలిగింది. మెనూ రాలేదు. కానీ ఆదివారం అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. తేలవలసింది శుక్రవారం.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలియాలి. శుక్రవారం పొద్దున్న గదిలో కూర్చుని చూస్తున్నాను. అత్తయ్య గడపకి పెట్టింది, పొయ్యికి పెట్టింది, బియ్యం డ్రమ్ముకి పెట్టింది. భరిణెతో నా గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఒకసారి మానిటర్ వంక చూసి వెనక్కి తిరిగింది.

అది చూసి నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో వేరే చెప్పక్కర్లేదు.

"అత్తయ్యా, ఇటు రండి. దీనికి పెట్టరా?"

"వద్దులేమ్మా. మళ్ళీ పాడైపోద్ది."

"పాడు చేసింది నా తడిగుడ్డండి, మీ బొట్టు కాదు" అన్నాను, హాల్లో ఇడ్లీ తింటున్న మా ఆయనకి కూడా వినపడేలా. మీటలకి దూరంగా, స్టాండు పాదం చూపించాను. "ఇక్కడ పెట్టండి. నేను తుడవను."

ఆవిడ వంగి, పసుపు అద్ది, కుంకం పెట్టి, ఆ చెయ్యి కళ్ళకి అద్దుకుంది. పొయ్యికి పెట్టినప్పుడు కూడా అలాగే అద్దుకుంటుంది.

హాల్లోంచి మా ఆయన నవ్వారు. "మరి టీవీ ఏం పాపం చేసిందే అమ్మా? ఇన్నేళ్ళలో దానికి ఒక్క బొట్టూ లేదు!"

"అది మనకి అన్నం పెడతందేంట్రా?" అంది అత్తయ్య, భరిణె మూత పెడుతూ. "ఇది పెడతంది."

ఇడ్లీ ప్లేటు ఆ పూట ఆయనే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టుకున్నారు. టైంపాస్ అన్న మాట తరవాత ఎప్పుడైనా ఎక్కడైనా అన్నారేమో గానీ, మా ఇంట్లో నాకు మళ్ళీ వినపడలేదు.

తొమ్మిదింటికి లాగిన్ అయ్యాను. పదిన్నరకి ఊపిరి బిగబట్టుకుని చూశాను. ఏమీ కాలేదు. మధ్యాహ్నం కాలేదు. నాలుగింటికీ కాలేదు. ఆరింటికి టీమ్ లీడ్ ఫోన్ చేసింది.

"ఇవాళ ఒక్క నిమిషం కూడా ఆగలేదే మేడమ్! ఏం, ఈ శుక్రవారం పూజ లేదా?"

"ఉందండి. పొద్దున్నే అయిపోయింది" అన్నాను.